రాతిలో పొర, కొయ్యలో నార: మైదుకూరు ప్రాంతపు మిద్దె నిర్మాణంలో పదార్థాల అంతర్నిర్మాణం – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

దూలం మోయగల భారం దాని కొలతల మీద మాత్రమే కాక, దానిలోని పదార్థపు అంతర్నిర్మాణం మీద కూడా ఆధారపడి ఉంటుంది. వేర్వేరు పదార్థాలు కలిసి పనిచేసే చోట, వాటి మధ్యనున్న అతుకు స్వభావం మరింత కీలకమవుతుంది. ఆధునిక యంత్రశాస్త్రం గణితరూపంలో చెప్పిన ఈ విషయాన్ని కడప జిల్లా మైదుకూరు పరిసరాల్లోని చవుడుమిద్దె నిర్మాణానికి అన్వయించి పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. నాపరాతిలోని పొరలు, కొయ్యలోని నార, చవుడుమట్టిలోని రేకులు మిద్దె బలాన్నీ బలహీనతనూ ఎట్లా నిర్ణయించాయో, సిమెంటు రాకతో ఆ వ్యవస్థ ఎట్లా మారిందో ఇందులో వివరించబడుతుంది. మిద్దెను ఒకే పదార్థం పేరుతో గుర్తించే అలవాటు చరిత్రరచనకూ, నేటి నివాసభద్రతకూ చేస్తున్న నష్టాన్ని ఈ వ్యాసం చర్చిస్తుంది.

కీలకపదాలు: మిద్దె, దూలం, దంతె, నాపరాయి, చవుడు, చేవ, సంయుక్త దూలం, అంతర్నిర్మాణం, మైదుకూరు.

1. ఉపోద్ఘాతం:

రాయలసీమ గ్రామాల్లో ఇంటిని దాని పైకప్పును బట్టి పిలవడం వాడుక. బోదతో కప్పితే కొట్టం, మట్టితో కప్పితే మిద్దె. మిద్దెలలో మళ్ళీ చవుడుమిద్దె, బండలమిద్దె అనే భేదాలు ఉన్నాయి. ఈ పేర్లు పైకి కనిపించే పదార్థాన్ని చెబుతాయి కానీ, కప్పు ఎట్లా నిలిచి ఉందో చెప్పవు. చవుడుమిద్దెను మోసేది చవుడు కాదు. బండలమిద్దెలోనూ బండ ఒంటరిగా గది వెడల్పు దాటదు. భారం మట్టి నుంచి బండకు, బండ నుంచి దంతెకు, దంతె నుంచి దూలానికి, దూలం నుంచి గోడకో కంబానికో దిగుతుంది. ఈ క్రమంలో ప్రతి పదార్థం తన లోపలి అమరికను బట్టి పనిచేస్తుంది.

కడప ప్రాంతం గురించి పరిశోధకులు విరివిగా వాడే ఆంగ్ల గ్రంథాలు ముఖ్యంగా మూడు. విలియం కింగ్ 1872లో కడప, కర్నూలు శిలాసమూహాల మీద వెలువరించిన భూగర్భశాస్త్ర గ్రంథం, జె. డి. బి. గ్రిబుల్ 1875లో ప్రచురించిన కడప జిల్లా మాన్యువల్, సి. ఎఫ్. బ్రాకెన్‌బరీ 1915లో కూర్చిన జిల్లా గెజిటీరు. శిలల క్రమం, భూమిశిస్తు, కాలువలు, పంటలు, కరువులు వీటి ప్రధాన విషయాలు. ఇంటికప్పు ఏ పొరల గుండా భారాన్ని దించుకుంటుందన్నది వాటి పరిధిలోని ప్రశ్న కాదు. ఆ ప్రశ్నకు ఆధారాలు మరో రెండు చోట్ల వెతకాలి. ఒకటి నిలిచి ఉన్న ఇళ్ళు, రెండవది ఇల్లు కట్టేవారి మాట. తెలుగులో వృత్తిపదాలను శాస్త్రీయంగా సేకరించే పని 1962లో భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వంలో వెలువడిన వ్యవసాయ వృత్తిపదకోశంతో ఊపందుకుంది. అదే వరుసలో బూదరాజు రాధాకృష్ణ వాస్తుపదాలను కోశబద్ధం చేశారు. పదాలు దొరికాయి. ఆ పదాల వెనుక ఉన్న పదార్థజ్ఞానాన్ని విడమరచి చెప్పవలసిన పని మిగిలి ఉంది.

2. మైదుకూరు – మూడు పదార్థాల కూడలి:

మైదుకూరు నేడు రెండు జాతీయ రహదారులు కలిసే పట్టణం. కర్నూలు, నంద్యాల, ఆళ్ళగడ్డల నుంచి కడపకు పోయే దారి, నెల్లూరు, బద్వేలుల నుంచి ప్రొద్దుటూరు, జమ్మలమడుగులకు పోయే దారి ఇక్కడ కలుస్తాయి. భౌగోళికంగా కూడా ఇది కూడలే. తూర్పున నల్లమల, లంకమల కొండలు, పడమటి వైపు కుందూనది పరీవాహకంలోని నల్లరేగడి మైదానం. ఆ మైదానం దాటి జమ్మలమడుగు, ఎర్రగుంట్ల, బనగానపల్లె, అవుకు, బేతంచెర్ల వైపు సున్నపురాతి నేలలు.

విలియం కింగ్ కర్నూలు శిలాసమూహాన్ని విభజించినప్పుడు బనగానపల్లె, జమ్మలమడుగు, పాణ్యం, కుందూ అనే స్థానికనామాలనే వాటికి పెట్టాడు. నర్జి గ్రామం పేరు ఇక్కడి సున్నపురాయికి స్థిరపడింది. ఈ ఊళ్ళపేర్లు నేటికీ భూగర్భశాస్త్ర పాఠ్యగ్రంథాల్లో శిలలపేర్లుగా నిలిచి ఉన్నాయి. వ్యాపారంలోనూ ఇదే జరిగింది. తమిళనాడు, మహారాష్ట్రల్లో వంటింటి అరుగులకు వాడే నల్లని రాతిని ‘కడప్పా’ అనే పిలుస్తారు. ఊరిపేరే రాతిపేరైంది.

కొండల నుంచి కొయ్య, పడమటి గనుల నుంచి బండ, ఊరిపక్కన నేల నుంచి చవుడు. మైదుకూరు పరిసరాల మిద్దెలో ఈ మూడూ కలిశాయి. దూరం వల్ల బండ ఖరీదైన చోట దాని స్థానంలో సన్నకర్రలు, కంప, ఆకు పరిచి పైన మట్టి వేశారు. కొయ్య కరువైన చోట గదుల వెడల్పు తగ్గింది. 1882 నాటి మద్రాసు అటవీచట్టం తర్వాత అడవి నుంచి మాను తెచ్చుకోవడం ప్రభుత్వ నియమాలకు లోబడిన వ్యవహారమైంది. కాబట్టి మిద్దె రూపాన్ని నిర్ణయించినవి ఆచారమూ అభిరుచీ మాత్రమే అనుకోరాదు. పదార్థపు లభ్యత, దాని బలపు హద్దు కూడా అందులో భాగం వహించాయి.

3. మిద్దె – పొరల క్రమం:

మందమైన రాతిగోడలు, లేదా మట్టిగోడలు. గది వెడల్పు ఎక్కువైతే నడుమ కంబాలు. వాటి మీద అడ్డంగా దూలాలు. దూలాల మీద, వాటికి అడ్డంగా, దగ్గరదగ్గరగా దంతెలు. దంతెల మీద బండలు, లేదా కర్రలూ ఆకూ. ఆపైన అదిమిన మట్టి, చిట్టచివర చవుడు. నీరు పోవడానికి ఒక పక్కకు స్వల్పమైన వాలు, గోడ బయటికి చొచ్చుకొని వచ్చిన దోనె. వెలుతురు దిగడానికీ పొగ పోవడానికీ కప్పులో గవాచి. వాన వస్తే దానిమీద ఒక బండ మూత.

ఈ అమరికలో ఒక ముఖ్యాంశం గమనించదగినది. పొరలను ఒకదానికొకటి బిగించే మేకు గాని, జిగురు గాని లేదు. ప్రతి పొరా కింది పొర మీద ఆనుకుని ఉంటుంది, అంతే. ఆధునిక ఇంజనీరింగులో సంయుక్త దూలం అంటే వేర్వేరు పదార్థాలు ఒకటిగా వంగేటట్లు బిగించినది. ఉక్కుదూలం మీద కాంక్రీటు పలక వేసినప్పుడు రెండింటి మధ్య ఉక్కుగుబ్బలు అతికించడం ఇందుకే. ఆ గుబ్బలు లేకపోతే పలక దూలం మీద జారుతుంది. అప్పుడు పలక దూలానికి బలం కాదు, బరువు. ఈ నిర్వచనం ప్రకారం మిద్దె సంయుక్త దూలం కాదు, పొరల దొంతర. ఈ భేదం పరిభాషకు మాత్రమే సంబంధించినది కాదు. మిద్దె సుగుణాలూ దోషాలూ రెండూ ఇక్కడి నుంచే పుట్టాయి.

4. రాతిలోని పొర:

దూలం వంగినప్పుడు దాని పైభాగం నొక్కుకుపోతుంది, కిందిభాగం సాగుతుంది. రాయి నొక్కుడును బాగా ఓర్చుకుంటుంది. సాగుడును ఓర్చుకోదు. రాతి తన్యతాబలం సాధారణంగా దాని సంపీడనబలంలో పదోవంతు, లేదా అంతకన్నా తక్కువ. దేవాలయ మండపాల్లో స్తంభాలు దగ్గరదగ్గరగా ఉండడానికి, స్తంభం తలమీద ఇరువైపులా చాచిన బోదెలు ఉండడానికి ఈ బలహీనత ఒక ముఖ్యకారణం. పుష్పగిరి ఆలయాల్లోనూ గండికోట మాధవరాయ ఆలయంలోనూ కనిపించే స్తంభాల వరుసలను ఈ దృష్టితో కూడా చదవవచ్చు. అదే గండికోటలోని ధాన్యాగారం కమానుకప్పుతో కట్టబడింది. కమానులో రాయి ప్రధానంగా నొక్కుడునే ఎదుర్కొంటుంది. రాతి బలహీనతకు మండపం ఒక సమాధానం, కమాను మరొకటి. దగ్గరదగ్గరగా పరిచిన దంతెల మీద పలుచని బండ మూడో సమాధానం.

దీనిని ఒక చిన్న లెక్కతో చూడవచ్చు. 5 సెంటీమీటర్ల మందం బండ చదరపు మీటరుకు సుమారు 135 కిలోల బరువు. దానిమీద 15 సెంటీమీటర్ల మట్టి ఉంటే మరో 240 కిలోలు. మొత్తం 375 కిలోలు. దంతెల మధ్య ఎడం 0.9 మీటరు అయితే బండ అడుగున పుట్టే సాగుడు ప్రతిబలం దాదాపు 0.9 మెగాపాస్కల్. ఎడం రెట్టింపు చేస్తే ఆ ప్రతిబలం రెట్టింపు కాదు, నాలుగింతలై 3.6 మెగాపాస్కళ్ళకు చేరుతుంది. సున్నపురాతి వంపుబలం రాతినాణ్యతను బట్టి కొన్ని మెగాపాస్కళ్ళ నుంచి పది పైచిలుకు దాకా మారుతుంది. కాబట్టి దంతెల ఎడాన్ని చేరెడు దూరంలో ఉంచడం పొదుపు తెలియక చేసిన పని కాదు. ఎడం పెరిగితే ముప్పు ఎంత వేగంగా పెరుగుతుందో ఆ అలవాటుకు తెలుసు.

అయితే పై లెక్కలో బండ లోపల అంతా ఒకే తీరుగా ఉందన్న ఊహ దాగి ఉంది. నాపరాయి అట్లా ఉండదు. అది నీటి అడుగున పొరపొరగా పేరుకుని గట్టిపడిన రాయి. సున్నపు పొరల మధ్య సన్నని బంకమట్టి జాడలు ఉంటాయి. గనిలో ఉలి, సుత్తి, గునపాలతోనే బండలు పలకలుగా లేచివచ్చేది ఆ జాడల వెంటే. రాయి సులువుగా చీలడానికి కారణమైన గుణమే, బండ నడిమందంలో అటువంటి జాడ ఒకటి మిగిలిపోతే, దాని దోషం అవుతుంది. వంగేటప్పుడు ఒక పొరను మరోపొర మీద జార్చే బలం, అంటే విమోటనబలం, నడిమందంలోనే గరిష్ఠంగా ఉంటుంది. అక్కడ అతుకు విడిపోతే 5 సెంటీమీటర్ల బండ రెండు 2.5 సెంటీమీటర్ల బండలుగా మారుతుంది. చూపుకు తేడా కనిపించదు. బలం మాత్రం సగానికి, వంగకుండా నిలిచే దృఢత్వం నాలుగోవంతుకు పడిపోతాయి. రాయి తగ్గలేదు, బరువు తగ్గలేదు. తెగినది అతుకు ఒక్కటే.

బండను సుత్తితో తట్టి, కంగుమంటే తీసుకోవడం, బొదబొదమంటే పక్కన పెట్టడం రాతిపనివారి పరీక్ష. లోపల పొర విడివడిన బండలో ధ్వని స్వచ్ఛంగా ప్రయాణించదు. కంటికి కనిపించని అంతర్నిర్మాణాన్ని చెవితో పట్టుకునే పద్ధతి ఇది.

5. కొయ్యలోని నార:

రాయి ఓర్చుకోలేని సాగుడును కొయ్య ఓర్చుకుంటుంది. కారణం దాని నార. మాను పొడుగునా సాగిన గొట్టాలవంటి కణాల కట్ట కొయ్య. నార వెంట లాగినప్పుడు చూపే బలం, నారకు అడ్డంగా లాగినప్పుడు చూపే బలానికి ఎన్నోరెట్లు ఉంటుంది. దూలాన్ని ఎప్పుడూ మాను పొడుగు వెంటే వేయడానికి హేతువు ఇదే. దూలం అడుగుభాగంలో ముడి ఉంటే నార అక్కడ పక్కకు మళ్ళుతుంది. సాగుడు గరిష్ఠంగా ఉండే చోటే నార తెగినట్లవుతుంది. ముడి ఉన్న ముఖాన్ని పైకి తిప్పి వేస్తే అదే దూలం ఎక్కువ భారం మోస్తుంది. కొయ్యకు కూడా రాతికున్న బలహీనతే మరో రూపంలో ఉంది. నారల మధ్య పట్టు తక్కువ. ఎండిన పాతదూలాల చివరల్లో మధ్యమందాన పొడుగు వెంట కనిపించే పగుళ్ళు ఆ పట్టు సడలిన చోట్లు. విమోటనబలం గోడదాపున ఎక్కువ కాబట్టి పగులు అక్కడ ఉంటే ప్రమాదం హెచ్చు.

తెలుగులో ‘చేవ’ అనే మాటకు మాను నడిమినున్న గట్టికొయ్య అని మొదటి అర్థం. మనిషి సత్తువకూ సామర్థ్యానికీ అది తర్వాత అన్వయమైంది. చేవలేని దూలానికి చెదలు త్వరగా పడతాయి. చేవలో చేరిన కొన్ని సహజరసాయనాలు పురుగునూ బూజునూ దూరంగా ఉంచుతాయి. వేప, తుమ్మ, చండ్ర, నారేపి వంటి మాకులను ఎంచుకోవడంలో బలంతోపాటు ఈ చేవ లెక్క కూడా ఉంది. అయితే దూలం చివర గోడలో కూరుకొని ఉంటుంది. గోడ చెమ్మ పీల్చితే ఆ చెమ్మ మొదట చేరేది అక్కడికే. గది మధ్యలో నిలబడి తల ఎత్తి చూసేవారికి దూలం నిక్షేపంగా కనిపించవచ్చు. గోడలోపలి జానెడు కొయ్య పుచ్చిపోయి ఉండవచ్చు.

కొయ్యకున్న మరో గుణం కాలంతో కుంగడం. భారం మారకపోయినా దీర్ఘకాలంలో దూలం మెల్లగా వంగుతూపోతుంది. తడిసినా ఆరినా ఆ కుంగుడు పెరుగుతుంది. ఇది దోషమే అయినా దానిలో ఒక మేలు ఉంది. రాయి హెచ్చరిక లేకుండా విరుగుతుంది. కొయ్య వంగి, కిర్రుమని, మట్టి రాల్చి, విరిగే ముందు తన సంగతి చెబుతుంది. పొరలు ఒకదానికొకటి బిగించి లేకపోవడం వల్ల ఆ హెచ్చరిక అందిన తర్వాత ఒక్క దంతెనో, ఒక్క బండనో మార్చుకునే వీలుంది. కింద గుంజ నిలబెట్టి, పైన మట్టి తీసి, పాడైన ముక్కను తొలగించి, అదే బండను మళ్ళీ పరచవచ్చు.

6. చవుడులోని రేకు:

మైదుకూరు చుట్టుపక్కల నల్లరేగడికి కొదవ లేదు. అయినా మిద్దె మీదికి ఎక్కినది చవుడు. దీనికి కారణం కూడా అంతర్నిర్మాణంలోనే ఉంది. బంకమట్టి అతిసూక్ష్మమైన రేకుల దొంతర. నల్లరేగడిలోని బంకమట్టి రేకుల మధ్యకు నీరు చేరితే అది ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకొని నెర్రెలు విచ్చుతుంది. వేసవిలో నెర్రెలిచ్చిన కప్పు తొలివానకే కారుతుంది. చవుడునేలలో సోడియం పాలు ఎక్కువ. సోడియం చేరిన బంకమట్టి తడిసినప్పుడు రేకులు గుంపుగా ఉండక విడివడి చెదురుతాయి. అట్లా చెదిరిన రేకులు మట్టిలోని సన్నని రంధ్రాలను పూడ్చివేస్తాయి. నీరు దిగదు. పంటకు శాపమైన గుణమే కప్పుకు కాపు అయింది.

ఈ కాపుకు చెల్లించవలసిన మూల్యం ఉంది. విడివడిన రేకులు నీటితో కొట్టుకుపోతాయి. అందుకే వానకాలానికి ముందు మిద్దె మీద కొత్త చవుడు వేయడం ఆనవాయితీ. కొట్టుకుపోయినంతే వేస్తే లెక్క సరిపోతుంది. కారుతున్నదన్న భయంతో అంతకు మించి వేస్తే బరువు పేరుకుంటుంది. 3 మీటర్ల వెడల్పు, 4 మీటర్ల పొడవు గల గదిమీద 15 సెంటీమీటర్ల మట్టి అంటే దాదాపు 2,900 కిలోలు. ఏటా నికరంగా 2 సెంటీమీటర్లు మిగిలిపోతే పదేళ్ళకు మరో 3,840 కిలోలు చేరతాయి. భారం రెట్టింపు దాటింది, దూలం మాత్రం పాతదే. పైగా పదేళ్ళ వయసు మీద పడింది. ముసురుపట్టినప్పుడు మట్టి నీటిని పీల్చి ఇంకా బరువెక్కుతుంది. గోడలోని దూలం చివర మెత్తబడుతుంది. ఈ మూడూ ఒకేరాత్రి కలిసినప్పుడు పాతమిద్దెలు కూలుతాయి. రాయలసీమలో వానలు పట్టువిడవని రోజుల్లో మిద్దెకూలి ప్రాణాలు పోయిన వార్తలు కొత్తవి కావు. వానను నిందించడం తేలిక. ఆ రాత్రికి ముందు, ఏళ్ళ తరబడి, సంరక్షణ పేరుతోనే బరువు పెరిగిందన్నది గమనించవలసిన విషయం.

7. దూలసిద్ధాంత చరిత్ర – ఏకరూప పదార్థం నుంచి అంతర్నిర్మాణానికి:

దూలం ఎట్లా విరుగుతుందన్న ప్రశ్నను గణితంగా మొదట వేసినవారిలో ముఖ్యుడు గెలీలియో. 1638లో వెలువడిన గ్రంథంలో గోడలో కూర్చిన దూలాన్ని ఆయన చర్చించాడు. పైభాగం ఒక తీరుగా, కిందిభాగం మరో తీరుగా పనిచేస్తాయన్న స్పష్టత 1773లో కూలుంబ్ రచనతో వచ్చింది. 1826లో నేవియర్ దానిని ఇంజనీర్లు వాడుకోదగిన సిద్ధాంతంగా స్థిరపరిచాడు. ఈ సిద్ధాంతానికి పదార్థం ఏకరూపం. లోపల పొర లేదు, నార లేదు, గింజ లేదు. ఉక్కు వంటి పదార్థానికి ఆ ఊహ బాగా పనిచేసింది. విమోటనం వల్ల కలిగే వంపును 1921లో టిమొషెంకో లెక్కలోకి తెచ్చాడు. పొరల మధ్య జారుడుకు సిద్ధాంతంలో చోటు దొరకడానికి అది తలుపు తెరిచింది.

విమానాలకూ నౌకలకూ పొరలుగా పేర్చిన సంయుక్తపదార్థాలు వాడుకలోకి వచ్చాక లోపలి అమరికను విస్మరించడం అసాధ్యమైంది. ఈ దశలో ఒక తెలుగువాని కృషి ప్రపంచస్థాయి ప్రమాణమైంది. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1968లో ఇంజనీరింగు పట్టా పొంది, తర్వాత అమెరికాలో స్థిరపడిన జె. ఎన్. రెడ్డి 1984లో పొరల పలకలకు ఒక ఉన్నతశ్రేణి సిద్ధాంతాన్ని ప్రతిపాదించారు. విమోటన ప్రతిబలం పలక పైముఖంలోనూ అడుగుముఖంలోనూ శూన్యమై, నడుమ హెచ్చుతుందన్న వాస్తవాన్ని అది సవరణగుణకం అవసరం లేకుండానే పాటిస్తుంది. 2007లో స్థానికేతర సిద్ధాంతాలను దూలాలకు అన్వయిస్తూ, 2011లో పదార్థధర్మాలు మందం వెంట క్రమంగా మారే దూలాల్లో సూక్ష్మనిర్మాణ ప్రభావాన్ని లెక్కిస్తూ ఆయన వ్యాసాలు ప్రచురించారు. 2019లో ఆయనకు టిమొషెంకో పతకం లభించింది.

ఇక్కడ రెండు స్థాయిలను కలగాపులగం చేయరాదు. 2011 నాటి సిద్ధాంతం పట్టించుకునేది మిల్లీమీటరులో వెయ్యోవంతు ప్రమాణంలోని నిర్మాణాన్ని. దూలపు మందమే అంత చిన్నదైనప్పుడు, పాతసిద్ధాంతం చెప్పినదానికన్నా అది దృఢంగా ప్రవర్తిస్తుంది. అంగుళాల మందం ఉన్న నాపబండకు ఆ సవరణ వల్ల కలిగే తేడా లెక్కలోకి రాదు. బండకు వర్తించేది పొరల స్థాయి సిద్ధాంతం. మిద్దె కట్టినవారికి ఈ సమీకరణాలు తెలుసునని చెప్పడం చరిత్ర కాదు. సమీకరణాలు లేని కారణంగా వారికి ఏమీ తెలియదనడం కూడా చరిత్ర కాదు. వారికి తెలిసినది ఎడం, మందం, చేవ, మోత అనే నాలుగు మాటల్లో ఉంది.

8. బండ నుంచి సిమెంటుకు:

ఎర్రగుంట్ల, జమ్మలమడుగు ప్రాంతాల సున్నపురాయి ఇరవయ్యో శతాబ్దంలో సిమెంటు కర్మాగారాలకు ముడిసరుకైంది. ఇది పైకి ఒక రాయి ఉపయోగం మారడమే. అంతర్నిర్మాణ దృష్టితో చూస్తే ఇందులో పెద్దమలుపు ఉంది. బండగా వాడినప్పుడు ప్రకృతి పేర్చిన పొరే దాని విలువ. సిమెంటుగా మార్చడానికి ఆ రాతిని పొడిచేసి, బంకమట్టి గుణం గల సరుకుతో కలిపి, సుమారు 1,450 డిగ్రీల సెల్సియస్ వేడిలో కాలుస్తారు. పొర పూర్తిగా చెరిగిపోతుంది. ఆ పొడి నీటితో కలిసి కొత్తరాయిగా గట్టిపడుతుంది. ఆ కొత్తరాయి కూడా సాగుడును ఓర్చుకోదు. అందుకే దాని అడుగుభాగంలో ఉక్కుకడ్డీ. ఫ్రాన్సులో మొనియే 1867లో ఇనుపతీగెలతో బలపరచిన సిమెంటు తొట్లకు హక్కు పొందినప్పటి నుంచి ఈ సంయోగం విస్తరించింది. మిద్దెలో రాతికీ కొయ్యకూ మధ్య జరిగిన పనివిభజనే ఇక్కడ కాంక్రీటుకూ ఉక్కుకూ మధ్య జరిగింది. తేడా అతుకులో ఉంది. మిద్దెలో ఆనిక, స్లాబులో పట్టు. ఉక్కు, కాంక్రీటు వేడికి దాదాపు ఒకేపాటి వ్యాకోచం చెందడం ఆ పట్టు నిలవడానికి తోడ్పడింది.

పట్టు వల్ల గది వెడల్పు పెరిగింది, కప్పు పలుచనైంది, ఏటేటా చవుడు మోసే శ్రమ తప్పింది. ఆ శ్రమ చేసినవారి వైపు నుంచి చూస్తే ఇది చిన్న విముక్తి కాదు. అదే సమయంలో పట్టు వల్లనే మరమ్మతు కష్టమైంది. లోపలి కడ్డీకి తుప్పు పడితే అది ఉబ్బి కాంక్రీటును పెచ్చులుగా రాలుస్తుంది. ఒక్క కడ్డీని తీసి మరోటి వేయడం సాధ్యం కాదు. పాతకప్పులో బండను తట్టి చూసినట్లు కొత్తకప్పును పరీక్షించే అలవాటు ఇంటివారికి ఇంకా ఏర్పడలేదు. భాషలో కూడా ఈ మార్పు కనిపిస్తుంది. మిద్దె అనే మాట స్లాబు ఇంటికి సంక్రమించి నిలిచింది. దూలం బీము అయింది. దంతె, గవాచి అనే మాటలకు చోటు లేకుండా పోయింది. మాటతో పాటు ‘ఎడం ఎంత, చేవ ఎంత’ అని అడిగే ప్రశ్న కూడా వాడుక తప్పుతున్నది.

9. గణాంకాల్లో మిద్దె:

భారత జనగణనలోని గృహగణన భాగంలో ఇంటికప్పుకు వాడిన ప్రధానపదార్థం ఏదని ప్రశ్న ఉంటుంది. 2011 గణనలో గడ్డి, వెదురు, కొయ్య, మట్టి వంటివి ఒక వర్గం. రాయి, పలకరాయి వేరొక వర్గం. కాంక్రీటు మరొకటి. పైన చవుడు, నడుమ నాపబండ, కింద కొయ్యదంతెలు ఉన్న మిద్దెను ఏ వర్గంలో చేర్చాలి? పైనుంచి చూస్తే మట్టి, లోపలి నుంచి చూస్తే రాయి, మోసేదాన్ని బట్టి చూస్తే కొయ్య. లెక్కింపుకు వచ్చినవారు ఎక్కడ నిలబడి చూశారన్నదాన్ని బట్టి ఒకే ఇల్లు రెండు వర్గాల్లో దేనిలోనైనా చేరవచ్చు. కోట్ల ఇళ్ళను లెక్కించేటప్పుడు వర్గీకరణ సరళంగా ఉండక తప్పదు. అయితే ఆ అంకెల ఆధారంగా రాయలసీమ గృహచరిత్ర రాసే పరిశోధకులు, ‘మట్టి’ వర్గంలో దశాబ్దాల మధ్య వచ్చిన తగ్గుదలను పదార్థమార్పుగా నేరుగా చదవడం సరికాదు.

నివాసభద్రత విషయంలోనూ ఇదే చిక్కు. పాతమిద్దె సురక్షితమా కాదా అనేది దాని పేరు చెప్పదు. దంతెల ఎడం, గోడలోపలి దూలపు చివర, పేరుకున్న మట్టి మందం, బండలోని పగులు అనే నాలుగు అంశాలు చెబుతాయి. ఈ నాలుగింటినీ కొలబద్ద, సుత్తి, సన్నని ఇనుపచువ్వలతోనే ప్రాథమికంగా పరీక్షించవచ్చు. వాటిలో మట్టిమందం తగ్గించడం అన్నిటికన్నా తక్కువ ఖర్చుతో కూడిన రక్షణ. కొత్త చవుడు వేయడానికి ముందు పాతది గీకి తీయడమనే నియమం ఒక్కటి పాటించినా భారం అదుపులో ఉంటుంది. అనుమానం తోచిన దూలం విషయంలో ఇంజనీరు పరిశీలన తప్పనిసరి.

10. ముగింపు:

మైదుకూరు ప్రాంతపు మిద్దె మూడు పదార్థాలతో, మూడు రకాల అంతర్నిర్మాణాలతో రూపొందింది. నాపరాతిలోని పొర దాన్ని బండగా లేవనిచ్చింది, పొరజాడ మిగిలిన చోట విరగనిచ్చింది. కొయ్యలోని నార సాగుడును మోసింది, నారల మధ్య పట్టు సడలిన చోట చీలింది. చవుడులోని రేకు నీటిని ఆపింది, నీటితోపాటు కొట్టుకుపోయి ఏటేటా కొత్తబరువును ఆహ్వానించింది. మూడింటిలోనూ బలానికీ బలహీనతకూ మూలం ఒకటే. పొరలను బిగించని నిర్మాణపద్ధతి కప్పును బరువైనదిగా చేసింది, అదే పద్ధతి దాన్ని విప్పి బాగుచేసుకోదగినదిగానూ ఉంచింది.

కాబట్టి మిద్దెచరిత్రను పదార్థాల జాబితాగా కాక, పదార్థాల మధ్య సంబంధంగా రాయవలసి ఉంది. వృత్తిపదాల సేకరణలో దూలం, దంతె వంటి నామవాచకాలతో ఆగక, వాటి కొలతలు, ఎడాలు, పరీక్షించే పద్ధతులు, మార్చే క్రమం కూడా నమోదు చేయాలి. తెలుగు, చరిత్ర, సివిల్ ఇంజనీరింగు శాఖలు ఉమ్మడిగా చేపట్టదగిన క్షేత్రపరిశోధన ఇది. దానికి కావలసిన గ్రంథాలయం ఇంకా కొంత మేరకు ఊళ్ళలో నిలిచే ఉంది. ఆ కప్పుల కింద మనుషులు నిద్రిస్తున్నారు కనుక ఈ పరిశోధన గతానికి మాత్రమే సంబంధించినది కాదు.